అప్‌డేట్: అబీషగు గురించి అడిగాను కదా

బైబిల్లో ముసలి దావీదు రాజుకు సేవ చేసిన అబీషగును పెళ్లికి అడిగినంత మాత్రానికే దావీదు కొడుకు సొలొమోను రాజు తన సవతి అన్న అదోనీయాను ఎందుకు చంపించాడని మొన్న అడిగాను. తండ్రి దావీదు మీద తిరగబడిన మరో కొడుకు అబ్షాలోము సంగతి గుర్తుచేసినవాళ్లకు చాలా థ్యాంక్స్. అతను చేసినట్టు మేడమీద గుడారం వేయించుకుని తండ్రి ఉపపత్నుల దగ్గరికి వెళ్లడమంటే సింహాసనం నాదేనని ఊరంతా చాటడమే. అందుకే అదోనీయా తరఫున అడగడానికి వచ్చిన తన తల్లి బత్షెబతో సొలొమోను, రాజ్యం కూడా అతనికే ఇమ్మని అడగరాదా అన్నాడు.

రాత్రి రాజులు మొదటి గ్రంథం మళ్లీ తీశాను. 1వ అధ్యాయం 15వ వచనం దగ్గర ఆగిపోయాను. కొడుకు రాజ్యం కోసం బత్షెబ గదిలోకి వచ్చేసరికి, ముసలి దావీదుకు సేవ చేస్తూ అబీషగు అక్కడే ఉంది! షూనేము నుంచి తెచ్చిన ఆ అమ్మాయి నోట ఒక్క మాటైనా రాయలేదు. సొలొమోను పంపిన బెనాయా చేతిలో అదోనీయా చచ్చాక ఆమె ఏమైందో కూడా లేదు. ఇప్పుడు నా బెంగంతా ఆ పిల్ల గురించే.