పెరటి పందిరికి పక్షుల వల వేయాలా, వద్దా?

కావలి పెరడు:
ఉగాదికి ఇంకా పది రోజులుందనగా జరిగింది ఇది. మా పెరడు మూడు సెంట్లు. బీర, కాకర ఒకే పందిరి మీద, పక్కన వంగ, టమాటా, బెండ మళ్లు. ఉడుతలు పిందెలు కొరికేస్తున్నాయి, పికిలిపిట్టలు టమాటా రంగు తిరగ్గానే పొడిచేస్తున్నాయి. విసుగొచ్చి నైలాన్ వల తెచ్చి పందిరి మీద నుంచి నేల దాకా దించాను. ఎక్కువైన వలను కత్తిరించకుండా కింద అలాగే కుప్పగా వదిలేశాను.

మొన్న ఉదయం నీళ్లు పెడదామని వెళ్తే ఆ కుప్పలో జెర్రిపోతు. ఐదడుగులుంటుంది. నడుము దగ్గర వల దారాలు చర్మంలోకి దిగిపోయాయి. కత్తెర తెచ్చి కోసేసరికే కదలిక లేదు. రాత్రంతా పెనుగులాడి ఉంటుంది. రెండేళ్లుగా మా పెరట్లో ఎలుకల బాధ లేదంటే దాని వల్లే. నా చేతులతో నేనే చంపుకున్నట్టుంది.

వల తీసేస్తే కూర దక్కదు, ఉంచితే ఇంకో ప్రాణం పోతుంది. మీరేం చేస్తున్నారు?

ఒంగోలు మిద్దెతోట:
చదివి బాధ వేసింది అన్నా. కానీ వల వద్దంటే నేను ఒప్పుకోను. మా బోరు నీళ్లు ఉప్పు. తాగే నీళ్లలోంచి మిగిల్చి రెండు పూటలా బకెట్లతో మిద్దె మీదికి మోస్తాను. గత ఏడాది వల లేకుండా వదిలితే ఇరవై టమాటా మొక్కల నుంచి మా ఇంటికి వచ్చింది మూడు కిలోలు కూడా లేదు. పిట్టల మీద నాకూ ప్రేమ ఉంది, వాటికి గింజలు, నీళ్లు వేరుగా పెడతాను. తప్పు వలది కాదు, కింద వదులుగా వదిలేయడం.

ఆత్మకూరు పంతులమ్మ:
ముప్పై ఏళ్లుగా పెరడు పెంచుతున్నాను, ఒక్కసారి కూడా వల వేయలేదు. ఫాల్గుణం, చైత్రం పిట్టలు గూళ్లు పెట్టే కాలం. పిచ్చుక గింజలు తినే పిట్టే, కానీ పిల్లల నోట్లో పెట్టేది ఎక్కువగా పురుగుల్నే. పికిలిపిట్టా అంతే. మీ టమాటా పొడిచిన పిట్టే మీ వంగ మీది పచ్చపురుగును ఏరుకుపోతుంది. నష్టం లెక్కేసేటప్పుడు అది కూడా లెక్కలోకి రావాలి కదా.

రెండో సంగతి తేనెటీగలు. బీర, సొర, కాకర, దోస అన్నిటికీ మగ పువ్వు వేరు, ఆడ పువ్వు వేరు. పుప్పొడి ఇటు నుంచి అటు మోసేవాళ్లు లేకపోతే పిందె పసుపు తిరిగి రాలిపోతుంది. చాలామంది ఎరువు తక్కువైందనుకుని యూరియా చల్లుతారు, అది ఇంకా నష్టం. పైగా బీర పువ్వు విచ్చుకునేది సాయంత్రం, సొర పువ్వు పొద్దు వాలాక. సొర దగ్గరికి రాత్రిపూట చిమ్మటలు కూడా వస్తాయి. వల కప్పితే వీటన్నిటికీ తలుపు వేసినట్టే.

ఇంకో మాట. 2018లో మన రాష్ట్ర పక్షిగా ప్రకటించింది రామచిలుకను. అది మన జామచెట్టు మీద వాలితే వల వేసి పట్టే పరిస్థితి తెచ్చుకోవద్దు.

పొదిలి నుంచి:
ఉడుతలు, పిట్టల గురించి మాట్లాడుకుంటున్నారు, మీరు అదృష్టవంతులు. మా వీధికి కోతుల గుంపు వస్తుంది. వల, తడిక అన్నీ చింపేస్తాయి. సొర, దోస, టమాటా మానేశాను. కాకర, గోంగూర జోలికి మాత్రం మా దగ్గర పెద్దగా రావడం లేదు, అవే వేస్తున్నాను. కోతికి వల మందు కాదు.

టంగుటూరు పొలంగట్టు:
మా వైపు పొగాకు కాడలు ఊరికే దొరుకుతాయి. నానబెట్టి కషాయం చల్లితే పురుగూ ఉండదు, ఏ జంతువూ మూతి పెట్టదు. వలతో పనే లేదు.

ఆత్మకూరు పంతులమ్మ:
అయ్యా, ఆ మాట విని ఎవరూ చల్లకండి. పొగాకులోని నికోటిన్ మంచి పురుగు, చెడ్డ పురుగు అని చూడదు, తేనెటీగనూ చంపుతుంది. మన చర్మంలోంచి కూడా ఒంట్లోకి పోతుంది. రోజు విడిచి రోజు కోసుకుని వండుకునే కూర మీద అది చల్లుతామా?

నెల్లూరు స్టోన్‌హౌస్‌పేట:
మా అబ్బాయి మెల్‌బోర్న్‌లో ఉంటాడు. అక్కడి విక్టోరియా రాష్ట్రంలో 2021 సెప్టెంబరు నుంచి ఒక నిబంధన ఉంది. ఇంటి పండ్ల చెట్లకు వేసే వల కన్ను, సాగదీసినప్పుడు కూడా, 5 మిల్లీమీటర్లకు మించకూడదు. గబ్బిలాలు, పిట్టలు, పాములు చిక్కుకుని చచ్చిపోతున్నాయనే అది పెట్టారు. చిటికెన వేలు దూరిందంటే ఆ వల వద్దు అని గుర్తు పెట్టుకోమంటాడు వాడు. పాము తల దూర్చాక వెనక్కి రాలేదు, పొలుసులు తోక వైపు వాలి ఉంటాయి కాబట్టి దారం వాటి కింద పట్టేస్తుంది. కావలి అన్న చూసింది అదే.

జెర్రిపోతుకు విషం లేదు. కానీ నాగుపాము అనుకుని కొట్టేవాళ్లు ఎక్కువ, జెర్రిపోతు అనుకుని నాగుపామును ముట్టుకున్నా ప్రమాదమే. బతికున్న పాము వలలో కనబడితే మీరే కత్తెర పట్టకుండా పాములు పట్టేవాళ్లను గానీ అటవీ శాఖ వాళ్లను గానీ పిలవండి. 1972 వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉన్న జీవి అది.

ఒంగోలు మిద్దెతోట:
సన్న కన్ను వల నాకు నచ్చింది. పంతులమ్మగారూ, టమాటా పువ్వులో మగ, ఆడ భాగాలు రెండూ ఒకే పువ్వులో ఉంటాయి కదా. గాలికి ఊగినా కాయ పడుతుంది, నేను రోజూ ఉదయం కొమ్మ మీద వేలితో తడతాను. దానికి వల వేస్తే తేనెటీగలకు అన్యాయం ఏముంది?

ఆత్మకూరు పంతులమ్మ:
టమాటాకు సరే, ఒప్పుకుంటున్నాను. తీగలకు మాత్రం ఒప్పుకోను. పందిరి మొత్తం మూసేసి, సాయంత్రాలు మగ పువ్వు తెంపి ఆడ పువ్వుకు రాసుకుంటూ తిరగడం ఎన్నాళ్లు చేస్తారు? దాని బదులు పిందె వేలెడు పొడవు కాగానే పాత పంచె గుడ్డతో గొట్టంలా కుట్టి తొడగండి, పైన దారంతో వదులుగా కట్టండి. ఉడుతకు కాయ కనబడదు. అసలు లాభం ఇంకోటి ఉంది. పండు ఈగ పిందె మీద గుడ్డు పెట్టలేదు. పక్షుల వల కన్నులోంచి ఆ ఈగ సుబ్బరంగా దూరిపోతుంది, కాయ వంకర తిరిగి కుళ్లేది దానివల్లే. ఈగ ఎరలు కొనేవాళ్లకు ఒక మాట: తీగ కూరలకు క్యూ ల్యూర్ అడగండి. మిథైల్ యూజినాల్ మామిడి ఈగకు పెట్టేది, బీర పందిరి కింద దానివల్ల ఉపయోగం ఉండదు.

పొదిలి నుంచి:
గుడ్డ సంచులు కోతి లాగేస్తుంది అమ్మా. మా వీధి వాళ్లందరం కలిసి ఏదైనా చేస్తే తప్ప ఒక్క ఇంటితో అయ్యే పని కాదు.

కావలి పెరడు:
నిన్న సాయంత్రం వల మొత్తం విప్పేశాను. తీగలకు గుడ్డ గొట్టాలు, మా ఆవిడ పద్నాలుగు కుట్టింది. టమాటా మడికి మాత్రం వెదురు బద్దల చట్రం మీద సన్న కన్ను వల బిగించి, అంచులు చెక్కలకు కొట్టాను. నేల మీద వదులుగా జానెడు కూడా లేదు. మూలన ఉన్న వంగ మొక్కకు రెండు ఆకులు కలిపి కుట్టి ఓ చిన్న పిట్ట గూడు పెట్టింది, లోపల మూడు గుడ్లున్నాయి. ఆ మొక్కకు కాయలు కోయడం మానేశాం.