గుల్మార్గ్‌లో మనిషి లాగే స్లెడ్జ్ ఎక్కడం సబబేనా?

సుజాత (కాకినాడ):
జనవరి ఆఖరులో మా అత్తగారితో, పిల్లలతో కలిసి కశ్మీర్ వెళ్తున్నాము. శ్రీనగర్ నుంచి సుమారు 50 కిలోమీటర్ల దూరంలో ఉన్న గుల్మార్గ్‌లో ఒక రోజంతా మంచులో గడపాలని అనుకుంటున్నాము. అక్కడ పర్యాటకులను చిన్న చెక్క స్లెడ్జ్‌పై కూర్చోబెట్టి, ఒక మనిషి తాడుతో ఎత్తు మీదికి లాక్కుని వెళ్లి, పై నుంచి ఇద్దరూ కలిసి జారుతూ కిందికి వస్తారట. పిల్లలు దాని కోసమే రోజులు లెక్కపెట్టుకుంటున్నారు. మా మరిది మాత్రం సాటి మనిషి చేత లాగించుకోవడం కన్నా సిగ్గుచేటు మరొకటి లేదని తేల్చి చెప్పాడు. వెళ్లివచ్చినవారు ఏమంటారు?

నరేశ్ (నల్లగొండ):
మీ మరిదిగారు చెప్పినదే సరైన మాట. గుల్మార్గ్ సముద్రమట్టానికి సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉంది. మైదానం నుంచి వచ్చిన మనం ఖాళీ చేతులతో నడిచినా ఆయాసపడే చోట, ఫెరన్ అనే పొడుగాటి కశ్మీరీ అంగీ తొడుక్కున్న ఒక మనిషి రబ్బరు బూట్లతో మంచులో కూరుకుపోతూ మనలను లాగుతుంటే, మనం వెనుక కూర్చుని వీడియో తీసుకుంటాము. ఆ వీడియోలలో అతని వీపు తప్ప ముఖం ఎక్కడా కనిపించదు.

పైకి వెళ్లడానికి వేరే దారి లేదని ఎవరూ అనలేరు. గొండోలా, అంటే తీగలపై నడిచే కేబుల్ కారు, మొదటి దశ 1998లోనే కొండ మధ్యలోని కొంగ్‌డోరి వరకు వచ్చింది, రెండవ దశ 2005లో అఫర్‌వాట్ కొండ భుజం దాకా వెళ్లింది. జారడమే సరదా అయితే కాళ్లకు బిగించుకుని జారే స్కీలు అద్దెకు తీసుకుని, నేర్పేవారిని పెట్టుకుని, కొత్తవారికి కేటాయించిన చిన్న వాలుపై రెండు గంటలు పడుతూ లేస్తూ నేర్చుకోవచ్చు. అప్పుడు ఆ సరదా మన కాళ్లతో మనం సంపాదించుకున్నది అవుతుంది.

పద్మజ:
గంబూట్లు, పొడుగు కోట్లు దారిలో టంగ్‌మార్గ్‌లో అద్దెకు దొరుకుతాయి. డ్రైవరు తీసుకువెళ్లిన మొదటి దుకాణంలోనే తీసుకోకుండా, పక్క దుకాణంలో కూడా ధర అడగండి.

బాలు (విశాఖ):
నరేశ్ గారూ, గొండోలా ఉన్నది నిజమే. కానీ వాహనాలు ఆగే చోటు నుంచి గొండోలా స్టేషన్ దాకా మంచులో నడవాలి కదా. మోకాళ్లు నొప్పులున్న పెద్దావిడకు ఆ నడకే పెద్ద పరీక్ష. మా అమ్మగారు స్లెడ్జ్ ఎక్కకపోయి ఉంటే ఆ రోజంతా కారులోనే కూర్చుని ఉండేవారు.

అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. శీతాకాలంలో ఆ కొండ ఊళ్లలో పొలం పని ఉండదు. మంచు పడిన ఆ కొద్ది నెలల సంపాదనతోనే ఏడాది పొడవునా ఇల్లు నడవాలి. మీరు ఎక్కకపోతే అతని బరువు తగ్గదు, మధ్యాహ్నం దాకా ఖాళీ స్లెడ్జ్‌ను భుజాన వేసుకుని తిరుగుతాడు, అంతే. మీ మనసు తేలికపడటానికి అతని జేబు ఖాళీ కావాలా?

నరేశ్ (నల్లగొండ):
ఈ వాదన కొత్తది కాదు. ముంబయి దగ్గరి మాథెరాన్ కొండపై మోటారు వాహనాలకు అనుమతి లేనందున మనుషులు లాగే రిక్షాలే దశాబ్దాలుగా నడుస్తూ వచ్చాయి. వాటిని నిలిపివేస్తే లాగేవారు ఏమి తింటారన్న ప్రశ్న అక్కడ కూడా వచ్చింది. అయినా 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ పద్ధతి అమానవీయమని చెప్పి, ఆరు నెలల్లో దానిని ఆపాలని, లాగేవారికి ఈ-రిక్షాలు ఇచ్చే ఏర్పాటు చేయాలని ఆదేశించింది. ఆ తీర్పులో 1980 నాటి ఆజాద్ రిక్షా పుల్లర్స్ యూనియన్ కేసును కూడా ప్రస్తావించింది. మాథెరాన్‌లో తప్పయినది గుల్మార్గ్‌లో మంచు పడినంత మాత్రాన ఒప్పవుతుందా?

మీ అమ్మగారి విషయంలో నాకు పేచీ లేదు. నడవలేనివారిని మోయడం వేరు, నడవగలిగినవారు సరదా కోసం లాగించుకోవడం వేరు. అల్లూరి జిల్లాలో రోడ్డు లేని గూడేల నుంచి గర్భిణులను డోలీలో మోసుకువస్తుంటే మోసేవారిని ఎవరూ తప్పుపట్టరు, రోడ్డు వేయని ప్రభుత్వాన్ని తప్పుపడతారు. ఇక్కడ సుజాత గారు అడిగినది ముఖ్యంగా పిల్లల సంగతి. పదేళ్ల పిల్లవాడు నడవగలడు.

రమణమూర్తి (విశ్రాంత బ్యాంకు ఉద్యోగి):
నీతి సంగతి అలా ఉంచండి. నేను ఒక ధర మాట్లాడుకుని ఎక్కితే, సగం దారిలో ఆపి, అసలు వాలు ఇంకా పైన ఉందని, అక్కడికి వేరే రేటని అన్నాడు. దిగాక బక్షీస్ కోసం నా వెంటే వచ్చాడు. గుర్రాలకు, స్లెడ్జ్‌లకు నిర్ణయించిన ధరల పట్టిక ఉంటుందని తరువాత తెలిసింది. ఇది మానవత్వానికి సంబంధించిన ప్రశ్న కాదు, మోసానికి సంబంధించినది. ఎక్కవద్దు.

బాలు (విశాఖ):
నరేశ్ గారు తీర్పును ఉదాహరించారు కాబట్టి దానినే చూద్దాము. 1980 కేసులో కోర్టు రిక్షాను రద్దు చేయలేదు. రిక్షా సొంతదారుకే లైసెన్సు ఇవ్వాలని పంజాబ్ చేసిన చట్టం వల్ల అద్దె రిక్షాలు తొక్కేవారు రోడ్డున పడే పరిస్థితి వస్తే, వారికి అప్పు ఇప్పించి, తొక్కేవారే సొంతదారులయ్యే ఏర్పాటు చేయించింది. అంటే శ్రమ ఫలం యజమానికి పోతున్నదా, పనిచేసినవాడికే దక్కుతున్నదా అన్నది అక్కడి ప్రశ్న. మమ్మల్ని తీసుకువెళ్లిన వ్యక్తి స్లెడ్జ్ అతని సొంతం, ఆ రోజు సంపాదన మొత్తం అతనిదే. తీర్పులో మీకు పనికివచ్చే సగాన్ని మాత్రమే చదివారు.

పైగా మాథెరాన్‌లో ఈ-రిక్షా ఉంది. నాలుగు అడుగుల మంచులో ఈ-రిక్షా ఎలా నడుస్తుందో చెప్పండి.

నరేశ్ (నల్లగొండ):
స్లెడ్జ్ ఎవరి సొంతమన్నది నేను అడగలేదు. ఎత్తు మీదికి ఎవరు లాగుతున్నారని అడిగాను. కిందికి జారేటప్పుడు ఇద్దరూ కలిసి కూర్చుంటారు, అందులో నాకు అభ్యంతరం లేదు, అది నిజంగా సరదాయే. పైకి వెళ్లేటప్పుడు మీరు దిగి అతని పక్కన నడవవచ్చు కదా? ఎంతమంది నడుస్తున్నారు? నేను చూసిన ఒక్క వీడియోలోనైనా పర్యాటకుడు దిగి నడవలేదు.

బాలు (విశాఖ):
చూసిన వీడియోల గురించే ఇంతసేపు మాట్లాడుతున్నారా? మీరు గుల్మార్గ్ వెళ్లారా, లేదా?

నరేశ్ (నల్లగొండ):
వెళ్లలేదు. వెళ్లకపోతే మనిషి మనిషిని లాగడం గురించి అభిప్రాయం ఉండకూడదని నియమమేమీ లేదు.

శైలజ:
గుల్మార్గ్‌లో స్కీయింగ్ కోర్సు చేసినదానిగా ఒక మాట చెప్పాలి. అక్కడ కేంద్ర పర్యాటక శాఖ నడిపే స్కీయింగ్, పర్వతారోహణ సంస్థ ఉంది, ప్రైవేటుగా నేర్పే స్థానిక శిక్షకులూ ఉన్నారు. తొలి పాఠం స్కీల ముందు కొనలు దగ్గరగా, మడమలు దూరంగా పెట్టి వేగం తగ్గించడం. అది కుదిరేదాకా మనం ఎన్నిసార్లు పడితే అన్నిసార్లు శిక్షకుడే వచ్చి లేపుతాడు, ఊడిపోయిన స్కీని తెచ్చి బూటుకు బిగిస్తాడు, స్కీలపై నిలబడినవారిని వాలు పైకి లాగే డ్రాగ్ లిఫ్ట్ దగ్గర చేయి పట్టుకుని నిలబెడతాడు. లిఫ్ట్ లేని చోట మన స్కీలు కూడా తన భుజానికే ఎత్తుకుని పైకి నడుస్తాడు. సాయంత్రానికి అతని నడుము కూడా విరిగినంత పని అవుతుంది.

నరేశ్ గారు తన కాళ్లతో సంపాదించుకున్న సరదా అన్నది ఇదే. ఇందులో కూడా మరొకరి శరీరం ఉంది. అతనిని సార్ అని పిలుస్తాము కాబట్టి మనకు సిగ్గు వేయదు. స్లెడ్జ్ లాగేవాడిని "ఏయ్" అని పిలుస్తాము కాబట్టి ఆ పని హీనమైనదిగా కనిపిస్తుంది. పిలిచే తీరు మార్చుకోకుండా పనిని నిషేధించమనడం నాకు అర్థం కాలేదు.

నరేశ్ (నల్లగొండ):
శిక్షకుడికి నైపుణ్యం ఉంది, ఆ నైపుణ్యానికి ధర ఉంది. ఏటికేడు అతని అనుభవం పెరుగుతుంది, దానితో పాటు విలువ పెరుగుతుంది. స్లెడ్జ్ లాగేవాడికి ఏటికేడు పెరిగేది వయసు ఒక్కటే. నలభై ఏళ్లు దాటిన తరువాత అతనిని ఎవరు ఎంచుకుంటారు? వరుసలో కండ పట్టిన కుర్రవాడిని చూసి ఎక్కుతారు. రెండు పనులూ ఒకటేనని ఎలా అంటారు?

శైలజ:
ఒకటేనని నేను అనలేదు. మంచు మెత్తగా ఉన్నదా, గట్టిపడి అద్దంలా మారిందా, వాలు ఎక్కడ మలుపు తిరుగుతుంది, కాలి మడమతో ఎప్పుడు ఆపాలి అన్నది తెలియనివాడు వెనుక ఇద్దరి బరువుతో కిందికి దిగలేడు. మీరు దానిని నైపుణ్యంగా లెక్కించడం లేదు, అంతే.

బాలు (విశాఖ):
సరిగ్గా చెప్పారు. నరేశ్ గారికి సర్టిఫికెట్ ఉన్న శ్రమ మాత్రమే శ్రమగా కనిపిస్తుంది. రమణమూర్తి గారికేమో గొండోలా టికెట్‌కు చెల్లించిన వేలు గుర్తుండవు, వాలు దగ్గర అడిగిన బక్షీస్ మాత్రం ఇన్నేళ్లయినా గుర్తుంటుంది. ఒకరు జాలి పేరుతో, మరొకరు మోసం పేరుతో, ఇద్దరూ అతని పొయ్యిలో నీళ్లు పోస్తున్నారు.

రమణమూర్తి (విశ్రాంత బ్యాంకు ఉద్యోగి):
మాట్లాడుకున్న ధరకు కట్టుబడమనడం కూడా తప్పేనా? నా డబ్బు చెట్లకు కాయలేదు.

నరేశ్ (నల్లగొండ):
బాలు గారూ, హద్దు దాటుతున్నారు. నాకు జాలి లేదు, కోపం ఉంది. మా తాత నిజాం కాలంలో వెట్టి చేసినవాడు. దొర సవారీ బండి కదిలితే దాని ముందు పరుగెత్తడం ఆయన పని, ఊరి పొలిమేరలో మరొకడు అందుకునేదాకా ఆగడానికి వీలులేదు. ఆ మాటలు వింటూ పెరిగినవాడిని. అతను ఇష్టపడే లాగుతున్నాడు కదా అని మీరు అంటుంటే, ఆకలితో ఉన్నవాడి ఇష్టానికి ఎంత విలువ ఉంటుందో మా ఇంట్లో ఎవరినైనా అడగండి.

నిర్వాహకుడు:
సభ్యులు వ్యక్తిగత వ్యాఖ్యలు మాని విషయానికి పరిమితం కావాలి.

బాలు (విశాఖ):
వ్యక్తిగతం కాకుండా దీని గురించి మాట్లాడటం నాకు సాధ్యం కాదు, క్షమించాలి. మా నాన్నగారు రాజమండ్రి రైల్వే స్టేషన్ దగ్గర సైకిల్ రిక్షా తొక్కారు. ఆ డబ్బుతోనే నేను చదువుకున్నాను. ఎక్కి, మాట్లాడుకున్న డబ్బు ఇచ్చి, దిగి వెళ్లినవారు ఆయనను ఎన్నడూ అవమానించలేదు. "అయ్యో, మనిషి తొక్కే బండి ఎలా ఎక్కుతాము" అంటూ ఆయన వినేలా అని, పక్కనే ఉన్న ఆటో ఎక్కినవారు అవమానించారు. ఆ రోజు రాత్రి ఇంటికి వచ్చి ఆయన అన్నం తినలేదు.

నరేశ్ గారి తాతగారికి కాదనే హక్కు లేదు, కూలీ లేదు. గుల్మార్గ్‌లో అతను కాదనగలడు. నా కళ్ల ముందే, మత్తులో ఉన్న ఇద్దరిని ఎక్కించుకోనని చెప్పి పంపేశాడు. వెట్టిని, కూలీని ఒకే గాటన కట్టడం వల్ల వెట్టి చేసినవారికి గౌరవం పెరగదు, కూలీ చేసేవారికి మాత్రం పోతుంది.

శైలజ:
ఇన్ని పోస్టుల తరువాత అసలు తగాదా ఇప్పుడు బయటపడింది. కాదనే అవకాశం ఉన్నదా లేదా అన్నదే ప్రశ్న. దానిని తేల్చేది మంచు. 2024 జనవరిలో నెల దాదాపు పూర్తయ్యేదాకా గుల్మార్గ్‌లో సరైన మంచు పడలేదు, వాలులన్నీ గోధుమరంగు గడ్డితో కనిపించాయి. 2025లో ఫిబ్రవరిలో జరగవలసిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలను అక్కడ మంచు చాలక మార్చికి వాయిదా వేశారు. మంచి మంచు పడిన ఏడు అతను మత్తులో ఉన్నవారిని పంపేయగలడు. మంచు లేని ఏడు ఆఖరి వారంలో వచ్చినవాడు ఎవరైనా, ఎంత ఇచ్చినా కాదనలేడు.

నరేశ్ (నల్లగొండ):
నేను మొదటి నుంచి చెబుతున్నది అదే కదా.

బాలు (విశాఖ):
కాదు. మీరు మొదటి నుంచి ఎక్కవద్దని చెబుతున్నారు. మంచు లేని ఏడు అతనికి కాదనే శక్తి రావాలంటే మంచు ఉన్న ఏడు నలుగురు ఎక్కాలి, బేరం ఆడకుండా డబ్బు ఇవ్వాలి.

రవితేజ (హైదరాబాద్):
2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌లో మన దేశం నుంచి పాల్గొన్న ఏకైక క్రీడాకారుడు ఆరిఫ్ ఖాన్ ఆ టంగ్‌మార్గ్ వైపువాడే. జెండాల మధ్య మలుపులు తిరుగుతూ దిగే జెయింట్ స్లాలమ్ స్కీ పోటీలో 45వ స్థానంలో నిలిచాడు. తండ్రికి గుల్మార్గ్‌లో స్కీ సామగ్రి దుకాణం ఉండేది. స్కీలు అందుబాటులో ఉన్న ఇంటి పిల్లవాడు ఒలింపిక్స్ దాకా వెళ్లగలిగాడు. తాడు మాత్రమే ఉన్న ఇంటి పిల్లలకు స్కీలు ఎవరు ఇస్తారన్నది మీ ఇద్దరిలో ఎవరూ అడగలేదు.

సుజాత (కాకినాడ):
అందరికీ ధన్యవాదాలు. అత్తగారిని స్లెడ్జ్‌పైనే స్టేషన్ దాకా తీసుకువెళ్తాము. పిల్లలు పైకి నడిచి, కిందికి మాత్రం అతనితో కలిసి జారుతారు. ధర పూర్తిగా ఇస్తాము.

బాలు (విశాఖ):
మంచి నిర్ణయం. అయితే పైకి నడిచే పిల్లలు సగం దారిలో అలసిపోతే అతనే ఎక్కమంటాడు. అప్పుడు పట్టుబట్టి వారిని నడిపించవద్దు, అతని పని అతనిని చేయనివ్వండి.

నరేశ్ (నల్లగొండ):
సగం దారిలో అలసిపోతే ఆగి ఊపిరి పీల్చుకోవచ్చు. అతను కూడా ఆగుతాడు, అతనికి కూడా విశ్రాంతి దొరుకుతుంది. దీనికి కూడా మీరు అభ్యంతరం చెబుతారా, బాలు గారూ?

బాలు (విశాఖ):
చెబుతాను. ఆగిన ప్రతి పది నిమిషాలూ అతని తరువాతి బేరం నుంచి పోతాయి. వాటికి ఎవరు డబ్బు ఇస్తారు?