టెన్‌పిన్ బౌలింగ్‌లో రెండు చేతులతో బంతి వేసే బెల్మాంటీ రికార్డునీ, ఒంటి చేత్తో వేసిన ఎర్ల్ ఆంథొనీ రికార్డునీ ఒకే పట్టికలో పెట్టొచ్చా?

డాలస్ మావయ్య:
జేసన్ బెల్మాంటీ 15 మేజర్లు, అంటే అన్నిటికన్నా పెద్ద టోర్నీలు, గెలిచాడు, కాదనను. కానీ రెండు చేతులతో పట్టుకుని, బొటనవేలు బంతి కన్నంలో పెట్టకుండా తిప్పితే వచ్చే ఆ స్పిన్ ఒంటి చేత్తో ఎంతమందికి వస్తుంది? ఎర్ల్ ఆంథొనీ 21 ఏళ్ళకి ఆట మొదలుపెట్టి, ఎడమచేత్తో 41 టైటిళ్ళు కొట్టాడు. ఒక్క సీజన్లో లక్ష డాలర్లు దాటిన మొదటి బౌలర్ ఆయనే, 1975లో. ఈ ఇద్దరూ ఒకే పట్టికలో ఉండకూడదు.

పిన్‌డెక్:
41 కాదు, 43.

డాలస్ మావయ్య:
మేం చూసిన రోజుల్లో 41 అనే రాసేవాళ్ళు.

పిన్‌డెక్:
ఆయన గెలిచిన రెండు ఏబీసీ (అమెరికన్ బౌలింగ్ కాంగ్రెస్) మాస్టర్స్ టోర్నీలని ప్రొఫెషనల్ బౌలర్ల సంఘం పీబీఏ తర్వాత లెక్కలో కలిపింది. ఆ రెండూ ఉంటేనే ఆయన మేజర్లు 10 అవుతాయి. మేజర్లకి ఒక లెక్క, టైటిళ్ళకి ఒక లెక్క కుదరదు.

నిజాంపేట అక్క:
ఆ లెక్క తర్వాత చూసుకోండి. రెండు చేతులతో వేసేవాళ్ళు కూడా బంతి వదిలేది ఒక్క చేత్తోనే. రెండో చెయ్యి చివరిదాకా ఆనుకుని ఉండి, కాస్త ముందు తప్పుకుంటుంది, అంతే. ఆస్ట్రేలియాలో ఆరెంజ్ అనే ఊళ్ళో బెల్మాంటీ వాళ్ళ అమ్మానాన్నలకి బౌలింగ్ సెంటర్ ఉండేది. పసివాడు బరువైన బంతి ఎత్తలేక రెండు చేతులూ వాడాడు, అదే అలవాటైంది. పాత చాంపియన్లని చూడండి: డాన్ కార్టర్ మోచెయ్యి వంచి వేసేవాడు. మార్క్ రోత్ గబగబా అడుగులేసి, బంతిని విపరీతంగా తిప్పి 1978 ఒక్క ఏడాదే 8 టైటిళ్ళు గెలిచాడు. వాళ్ళకి వేరే పట్టిక పెట్టారా?

డాలస్ మావయ్య:
వాళ్ళు బొటనవేలు పెట్టే వేశారు.

నిజాంపేట అక్క:
బొటనవేలు పెట్టి తీరాలని ఏ రూల్లో ఉంది?

డాలస్ మావయ్య:
రూల్లో లేదమ్మా, నా మణికట్టులో ఉంది. 22 ఏళ్ళు లీగ్ ఆడాను. బొటనవేలు ఏ క్షణంలో బయటికి రావాలో తెలియడానికే మూడేళ్ళు పట్టింది. మొన్న మా లీగ్‌లో ఒక కుర్రాడు, ఆట మొదలుపెట్టి ఏడాదిన్నర, రెండు చేతులతో 300 కొట్టాడు. పన్నెండుకి పన్నెండూ స్ట్రైకులే, అంటే ప్రతి బంతికీ పది పిన్నులూ పడ్డాయి. నాకు ఇన్నేళ్ళలో ఒక్కసారీ రాలేదు. అందరితో పాటు చప్పట్లు కొట్టి ఇంటికొచ్చాను, నిద్రపట్టలేదు.

నిజాంపేట అక్క:
ఈ ముక్క మొదటే చెప్పాల్సింది మావయ్యగారూ. ఇందాకట్నుంచీ ఆంథొనీని అడ్డం పెట్టుకున్నారు. నా సంగతీ వినండి. మా పాపకి పదేళ్ళు. రెండు చేతులతో వేస్తే నేర్పనని ఇక్కడో కోచ్ అందరి ముందూ అన్నాడు. పిల్ల ఆరు నెలలు షూస్ ముట్టుకోలేదు. 1895లో న్యూయార్క్‌లో పుట్టిన ఏబీసీ 1950 దాకా నల్లవాళ్ళని చేర్చుకోలేదు. గుమ్మం దగ్గరే ఆపడం ఈ ఆటలో మొదట్నుంచీ ఉంది.

డాలస్ మావయ్య:
నన్ను వాళ్ళతో కలపకండి! పిల్లని ఆపమని నేనెక్కడన్నాను? పట్టిక వేరుగా పెట్టమన్నాను.

పిన్‌డెక్:
అలా అయితే బంతుల సంగతేంటి? లేన్‌ని గట్టిగా పట్టుకుని ఎక్కువ తిరిగే రియాక్టివ్ రెసిన్ బంతులు 1990ల మొదట్లో వచ్చాయి. వాల్టర్ రే విలియమ్స్ 47 టైటిళ్ళలో ఎక్కువ భాగం ఆ తర్వాతవే. ఆంథొనీకి అలాంటి బంతి దొరకలేదు. విలియమ్స్‌కీ వేరే పట్టికా?

డాలస్ మావయ్య:
ఆయన ఒంటి చేత్తో వేశాడు.

నిజాంపేట అక్క:
అంటే బంతి ఎంత మారినా ఫర్వాలేదు, చెయ్యి మారితేనే మీకు బాధ.

డాలస్ మావయ్య:
అవును, బాధే. దాచుకోను. పాప ఎన్ని పౌండ్ల బంతి వాడుతోంది?

నిజాంపేట అక్క:
ఎనిమిది.

డాలస్ మావయ్య:
పదికి తొందరపడకండి, మణికట్టు పోతుంది. పట్టిక విషయంలో మాత్రం నా మాట అదే.