లాగిన్ అయినవారికి పూర్తి కథ, ఇతరులకు పరిచయ భాగం: వర్డ్‌ప్రెస్‌లో ఎలా?

ప్రశ్న:
మా కథల పత్రిక వెబ్‌సైటు వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌పై నడుస్తోంది. సభ్యులకు కథ మొత్తం, లాగిన్ కానివారికి మొదటి రెండు పేరాలు, వాటి కింద సభ్యత్వ ఆహ్వానం కనిపించాలి. ఇందుకోసం థీమ్‌లో (సైటు రూపాన్ని నిర్ణయించే ఫైళ్లలో) ఒక్కో కథ పేజీని చూపే సింగిల్.పీహెచ్‌పీ ఫైలులో, సందర్శకుడు లాగిన్ అయ్యాడో లేదో చెప్పే ఈజ్_యూజర్_లాగ్డ్_ఇన్ ఫంక్షన్‌తో షరతు పెట్టాను. నా కంప్యూటరులో సరిగానే ఉంది గానీ, సర్వరుకు ఎక్కించాక లాగిన్ కానివారికి సైతం ఒక్కోసారి కథంతా కనిపిస్తోంది, సభ్యులకేమో ఆహ్వానం ఎదురవుతోంది. కథలు సభ్యులకే పరిమితమని రచయితలకు మాట ఇచ్చాం కనుక దీన్ని త్వరగా సరిదిద్దాలి. లోపం ఎక్కడ ఉండవచ్చు?

జవాబు 1:
మీ షరతులో లోపం లేదు. అది సర్వరులో పీహెచ్‌పీ కోడ్ నడిచినప్పుడే పనిచేస్తుంది. మధ్యలో ఉన్న పేజీ క్యాష్ ఒకరి కోసం తయారైన పేజీని దాచుకొని తరువాత వచ్చినవారందరికీ అదే అందిస్తే, అభ్యర్థన ఆ షరతు దాకా చేరనే చేరదు. క్యాష్ ప్లగిన్లు సాధారణంగా లాగిన్ అయినవారిని వదిలిపెడతాయి. వారి పేజీలను దాచవద్దని వర్డ్‌ప్రెస్ కూడా హెడర్లలో (పేజీతో పాటు పంపే సూచనలలో) చెబుతుంది. అయినా ఇలా జరుగుతోందంటే, ఎన్‌జిన్ఎక్స్ అనే వెబ్ సర్వరు సాఫ్ట్‌వేర్‌లోనో, పేజీల నకళ్లను వేర్వేరు చోట్ల నుంచి అందించే సీడీఎన్‌లోనో ఆ హెడర్లను పట్టించుకోని అమరిక ఉందని నా అనుమానం. వర్డ్‌ప్రెస్_లాగ్డ్_ఇన్ అని మొదలయ్యే కుకీతో (లాగిన్ అయినవారి బ్రౌజరులో ఉండే గుర్తుతో) వచ్చిన అభ్యర్థనకు క్యాష్ నుంచి పేజీ ఇవ్వకూడదు, దానికి పుట్టిన పేజీని క్యాష్‌లో దాచనూ కూడదు. ఎన్‌జిన్ఎక్స్‌లో ఇవి రెండు వేర్వేరు నియమాలు: ఫాస్ట్‌సీజీఐ_క్యాష్_బైపాస్, ఫాస్ట్‌సీజీఐ_నో_క్యాష్. మొదటిది మాత్రమే పెడితే సభ్యుల పేజీ క్యాష్‌లోకి చేరి, కథ బయటకు పోతూనే ఉంటుంది. రెండూ పెట్టాక పాత క్యాష్‌ను ఖాళీ చేయడం మరచిపోకండి.

జవాబు 2:
క్యాష్‌ను సరిదిద్దినా కథ బయటపడే మరో దారి తెరిచే ఉంది. ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్ (కొత్త రచనలను ఫీడ్ రీడర్లకు అందించేది), రెస్ట్ ఏపీఐ (ఇతర ప్రోగ్రాములు సైటులోని సమాచారం తీసుకునే మార్గం) మీ సింగిల్.పీహెచ్‌పీ గుండా వెళ్లవు కాబట్టి, వాటిలో కథ పూర్తిగానే బయటపడే అవకాశం ఉంది. షరతును థీమ్ ఫైలులోంచి తీసి ది_కంటెంట్ ఫిల్టరులో, అంటే కథ పాఠాన్ని చూపే ముందు మార్చే వీలిచ్చే వర్డ్‌ప్రెస్ ఏర్పాటులో, పెట్టండి. ఆ ఫిల్టరు కథ పేజీ, ఫీడ్, ఏపీఐ మూడు చోట్లా వర్తిస్తుంది. పేజీ రూపాన్ని మాత్రమే మార్చే సీఎస్ఎస్‌తో దాచమని ఎవరైనా సలహా ఇస్తే దయచేసి వినకండి, ఎందుకంటే పేజీ సోర్సు తెరిచిన ఎవరికైనా కథంతా అక్కడే దొరుకుతుంది.

జవాబు 3:
గూగుల్ శోధన కోసం పేజీలను చదివే ప్రోగ్రాము గూగుల్ బాట్ కూడా లాగిన్ కాని సందర్శకుడే కనుక, దానికీ రెండు పేరాలే అందితే ఏ చిక్కూ లేదు. వెతుకులాటలో కథ మొత్తం లెక్కలోకి రావాలని బాట్‌కు మాత్రం పూర్తి పాఠం ఇవ్వదలిస్తే, ఏ భాగం అందరికీ తెరిచి లేదో గూగుల్‌కు చెప్పే ఈజ్‌యాక్సెసిబుల్‌ఫర్‌ఫ్రీ అనే స్ట్రక్చర్డ్ డేటా గుర్తును తప్పనిసరిగా చేర్చండి. లేకపోతే గూగుల్ దాన్ని క్లోకింగ్‌గా, అంటే బాట్‌కు ఒకటి, పాఠకులకు మరొకటి చూపే మోసంగా, పరిగణించవచ్చు.