అప్‌డేట్: జీడీబీ ఇండెక్స్ టెస్టులన్నీ పాస్, బ్రేక్‌పాయింట్ మాత్రం పడట్లేదు అన్నాను కదా, దొరికింది

గుర్తులేని వాళ్ళకి: మా సీప్లస్‌ప్లస్ బైనరీకి జీడీబీ (డీబగ్గర్) వాళ్ళ యాడ్ ఇండెక్స్ స్క్రిప్ట్‌తో ఇండెక్స్ (సింబల్స్, అంటే ఫంక్షన్ల లాంటి వాటి పేర్లు, త్వరగా వెతకడానికి బైనరీలోనే పెట్టే పట్టిక) పెడితే ఒక నేమ్‌స్పేస్‌లో ఫంక్షన్ మీద బ్రేక్‌పాయింట్ (ప్రోగ్రామ్‌ని అక్కడ ఆపే గుర్తు) పడట్లేదు, కానీ సీఐలో (టెస్టులు ఆటోమేటిక్‌గా నడిచే సర్వర్) టెస్టులు మాత్రం అన్నీ గ్రీన్.

అసలు సంగతేంటంటే టెస్ట్ బైనరీలో ఇండెక్సే లేదు 🤦 సీఐ యూజర్‌కి ఆ ఫోల్డర్‌లో రాసే పర్మిషన్ లేక స్క్రిప్ట్ ఫెయిలవుతోంది, నేనేమో దాని ఎగ్జిట్ కోడ్ (పనయిందో ఫెయిలయిందో చెప్పే నంబర్) చూడకుండా ముందుకెళ్ళిపోయా, ఇండెక్స్ సెక్షన్ లేకపోతే జీడీబీ ఏమీ అనదు, తనే డ్వార్ఫ్ (బైనరీలో ఉండే డీబగ్ సమాచారం) మొత్తం చదువుకుని సింబల్ వెతికేస్తుంది, అందుకే నెలల తరబడి పాస్. ఇంత వెర్రిపని ఎప్పుడూ చేయలేదు.

అది సరిచేశాక సీఐలో కూడా అదే ఫెయిల్ వచ్చింది, హమ్మయ్య. కారణం: ఆ స్క్రిప్ట్ ఇండెక్స్ రాయించేది సిస్టమ్ పాత్‌లో (కమాండ్లు వెతికే ఫోల్డర్ల లిస్ట్) ఉన్న జీడీబీతో, మా దగ్గర అది లినక్స్ డిస్ట్రోతో వచ్చిన పాతది, చదివేది మాత్రం మేం సోర్స్ నుంచి బిల్డ్ చేసుకున్న కొత్తది. జీడీబీ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కి కొత్తదాని పాత్ ఇచ్చా, బ్రేక్‌పాయింట్ పడింది.

ఇప్పుడు ప్రతి టెస్ట్‌కి ముందు రీడెల్ఫ్‌తో (బైనరీలో ఏమున్నాయో చూపించే టూల్) ఇండెక్స్ సెక్షన్ ఉందో లేదో చూస్తున్నా, లేకపోతే అక్కడే ఫెయిల్. ఆబ్జ్‌కాపీతో (బైనరీలో సెక్షన్లు మార్చే టూల్) ఇండెక్స్ పీకేసిన కాపీ మీద కూడా అవే కమాండ్లు నడిపి రెండు అవుట్‌పుట్లు డిఫ్ చేస్తున్నా. జీడీబీ వాళ్ళ సొంత టెస్ట్‌సూట్‌లో దీనికి విడిగా బోర్డ్ ఫైళ్ళే (టెస్టులు ఏ సెటప్‌తో నడవాలో చెప్పే ఫైళ్ళు) ఉన్నాయి, పాత తరహా ఇండెక్స్‌కి ఒకటి, డ్వార్ఫ్ 5లోని డీబగ్ నేమ్స్ అనే ఇండెక్స్‌కి ఇంకొకటి, ముందే చూసుంటే బాగుండేది. డీబగ్ నేమ్స్ వైపు నేనింకా ముట్టుకోలేదు.