థ్రెట్ ఫీడ్‌లో వచ్చిన ఐపీలన్నీ బ్లాక్ చేసేయొచ్చా?

అందరికీ నమస్కారం. చీమకుర్తిలో గెలాక్సీ గ్రానైట్ ఎగుమతి చేసే ఒక కంపెనీలో ఐటీ పనంతా నాదే. ప్రింటర్ మొరాయించినా నేనే, ఫైర్‌వాల్ అయినా నేనే. రాన్సమ్‌వేర్ వార్తలు చూసి మా ఓనరు గారికి టెన్షన్ పట్టుకుంది. అందుకని మా ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్ పీఎఫ్‌సెన్స్‌లో పీఎఫ్‌బ్లాకర్ అనే బ్లాకింగ్ ప్యాకేజీ పెట్టి రెండు థ్రెట్ ఫీడ్లు (ప్రమాదకరమైన ఇంటర్నెట్ చిరునామాల జాబితాలు) కలిపాను: ఒకటి నేరగాళ్ల చేతిలో ఉన్న ఐపీ బ్లాకులుండే స్పామ్‌హాస్ డ్రాప్ జాబితా, రెండోది మాల్వేర్ పంచే లింకులుండే యూఆర్ఎల్‌హాస్ నుంచి తీసిన ఐపీలు. (బ్యాంకు ఖాతా మారిందంటూ వచ్చే దొంగ మెయిళ్లను ఈ ఫీడ్లు పెద్దగా ఆపలేవు, దానికి ఫోన్ చేసి కనుక్కోవడమే దారి. అది వేరే సంగతి.)

డ్రాప్‌తో ఏ గొడవా లేదు. తలనొప్పంతా యూఆర్ఎల్‌హాస్ ఐపీలతోనే. షేర్డ్ హోస్టింగ్‌లో ఒకే ఐపీ మీద బోలెడు సైట్లుంటాయి కదా, ఒకదాంట్లో మాల్వేర్ దొరికితే మిగతావీ పోతున్నాయి. కంటెయినర్ లోడింగ్ రోజున షిప్పింగ్ ఏజెంటు సైటు తెరుచుకోలేదు. డాక్యుమెంట్లు చూసే అమ్మాయి ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని పని కానిచ్చేసింది. ఇక ఫైర్‌వాల్ ఉండి ఏం లాభం?

యూఆర్ఎల్, డొమైన్ అయితే బ్లాక్ చేసి, ఐపీలకు సురికాటాలో (నెట్‌వర్క్ ట్రాఫిక్‌ను గమనించే సాఫ్ట్‌వేర్) అలర్ట్ మాత్రమే పెడదామనుకుంటున్నా. ఇది సరైన దారేనా? పాతబడిన ఐపీలను మీరు ఎన్నాళ్లకు తీసేస్తున్నారు? థ్రెట్ సమాచారం పంచుకునే మిస్ప్ అనే సాఫ్ట్‌వేర్‌లో డికేయింగ్ మోడల్ (పాతబడేకొద్దీ ఐపీ స్కోరు తగ్గించేది), వార్నింగ్‌లిస్టులు (పొరపాటున బ్లాక్ చేయకూడని మామూలు చిరునామాల జాబితాలు) ఉన్నాయి గానీ, ఒక్క మనిషి నడిపే ఆఫీసుకు అంత సెటప్ అవసరమా? కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు ఉంచాలి కాబట్టి, అలర్ట్‌లు పెరిగితే డిస్క్ సంగతి ఎలా చూసుకుంటున్నారో కూడా చెప్పండి.