హ్యూస్టన్ వసంత పక్షుల నడక: వాలంటీర్ల పనుల చర్చ

సమన్వయం, అనంతపురం నుంచి:
అందరికీ నమస్కారం. ఉగాది దాకా నేను అనంతపురంలోనే ఉంటాను. హ్యూస్టన్‌కూ ఇక్కడికీ పదిన్నర గంటల తేడా. మీరు రాత్రి పడుకోబోయే ముందు రాసి పెడితే నేను పొద్దున కాఫీ వేళకు జవాబిస్తాను.

ఏప్రిల్‌లో పక్షుల నడక పెట్టుకుందామని పోయిన మీటింగులో అందరూ ఒప్పుకున్నారు. ఎవరి కోసం పెడుతున్నామో ముందు తేల్చుకుంటే మిగతావన్నీ తేలిపోతాయి. నా మటుకు, మన ఇళ్లకు వచ్చే అమ్మానాన్నల కోసం, అత్తమామల కోసం పెట్టాలి. వచ్చిన మొదటి వారం మనవళ్లతో సంబరంగా గడుస్తుంది. తర్వాత మనం ఆఫీసులకు పోతాం, కారు లేనిదే వాళ్లు గడప దాటలేరు. మనలో ఎక్కువమందిమి సీమ వాళ్లమే. మన పెద్దవాళ్లలో చాలామంది చిన్నప్పుడు జొన్న చేలో మంచె ఎక్కి, వడిసెల పట్టుకుని పిట్టలు తోలినవాళ్లు. ఏ గుంపు ఏ వేళకు వాలుతుందో, ఎటు తిరిగి ఎటు వస్తుందో వాళ్ల కంటికి ఎవరూ నేర్పనక్కర్లేదు. బైనాక్యులర్ పట్టుకోవడం ఒక్కటే కొత్త.

చోటు హై ఐలాండ్ అనుకుంటున్నాను. హ్యూస్టన్ నుంచి గంటన్నర పైన ప్రయాణం. పేరులో ఐలాండ్ ఉంది గానీ అది దీవి కాదు. భూమి లోపలి ఉప్పు దిబ్బ పైకి నెట్టడంతో తీరం పక్కనే కాస్త ఎత్తుగా లేచిన ఊరు. చుట్టూ చిత్తడి, గడ్డి. పెద్ద ఓక్ చెట్లు, మల్బరీలు ఉన్నది ఆ ఎత్తు మీదే. మెక్సికోలోని యుకటాన్ నుంచి గల్ఫ్ ఆఫ్ మెక్సికో సముద్రం దాటి వచ్చే పిట్టలకు అక్కడ కనబడే మొదటి చెట్లు అవే. పక్షుల సంరక్షణ సంస్థ హ్యూస్టన్ ఆడబాన్ వాళ్లు కాపాడుతున్న తోపుల్లో బాయ్ స్కౌట్ వుడ్స్, స్మిత్ ఓక్స్ అని రెండున్నాయి. మనకు ఆ రెండూ చాలు.

బండ్లు ఎవరివి, ఎంతమంది వస్తారు, ఏ వేళకు పోదాం, ఇవి రాయండి.

ఫోటోల బాధ్యత:
అక్కా, పక్షులంటే తెల్లవారుజామునే కదా? ఇంట్లో నాలుగింటికి బయల్దేరితే వెలుతురు వచ్చేసరికి చెట్ల కింద ఉంటాం. నా ఓటు దానికే.

సమన్వయం:
తమ్ముడూ, మిగతాచోట్ల నీ మాట నిజమే. హై ఐలాండ్‌లో మాత్రం గడియారం వేరు. ఆ పిట్టలు యుకటాన్ తీరంలో పొద్దుగూకాక లేస్తాయి. దాదాపు 600 మైళ్ల నీళ్లు. మధ్యలో కాలు మోపే చోటే లేదు. రాత్రంతా, మర్నాడు పొద్దునంతా రెక్కలాడిస్తూ వస్తే టెక్సాస్ తీరం చేరేసరికి మధ్యాహ్నం దాటుతుంది. మూడు గ్రాముల బరువుండే రూబీ త్రోటెడ్ హమ్మింగ్‌బర్డ్ కూడా ఇలా దాటేవాటిలో ఒకటి. పొద్దున ఏడింటికి మనం పోతే ముందురోజు దిగి మిగిలినవి కనబడతాయి. కొత్తగా దిగేవాటిని చూడాలంటే మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా అక్కడ ఉండాలి. పెద్దవాళ్లను నాలుగింటికి నిద్ర లేపనక్కర్లేదు. ఇంట్లో అన్నం తిని, మందులు వేసుకుని తీరిగ్గా బయల్దేరవచ్చు. ఏప్రిల్ చివర్లో అక్కడ పొద్దు పోయేసరికి ఏడున్నర దాటుతుంది, వెలుతురుకు కొదవ లేదు.

ఇంకో సంగతి, గాలి. దక్షిణపు గాలి బాగా వీస్తుంటే పిట్టలు తీరంలో ఆగకుండా లోపలికి వెళ్లిపోతాయి. ఎదురుగా ఉత్తరపు గాలి, దానితో వాన వస్తే సత్తువ అయిపోయి కనబడిన మొదటి చెట్టు మీదకు దిగుతాయి. స్కార్లెట్ టనేజర్లు, ఓరియోల్‌లు, ఇండిగో బంటింగ్‌లు గడ్డిలో కూడా కూర్చుని ఉంటాయి. అక్కడి వాళ్లు దాన్ని ఫాలౌట్ అంటారు, దాని కోసం సెలవు పెట్టి మరీ పరిగెత్తుతారు. కానీ ఆ రోజు పిట్టలకు ప్రాణం మీదకు వచ్చిన రోజు. అలాంటి రోజు మనకు దొరికితే మామూలుకన్నా ఇంకో పది అడుగులు వెనక్కే నిలబడదాం. నీళ్లు తాగనిద్దాం, తిననిద్దాం. ఫోటో కోసం పొదలోకి దూరడం, ఫోన్‌లో కూత వినిపించి బయటికి రప్పించడం వద్దే వద్దు. ఈ విషయంలో నేను గట్టిగా ఉంటాను.

అందుకే ఒకే తేదీ పట్టుకుని కూర్చోవద్దు. ఏప్రిల్ నాలుగో శనివారం ఒకటి, ఆ మరుసటి రోజు ఆదివారం ఒకటి, రెండూ ఖాళీగా ఉంచుకోండి. గురువారం రాత్రి వాతావరణం చూసి ఏదో ఒకటి ఖాయం చేద్దాం. కార్నెల్ యూనివర్సిటీ వాళ్ల బర్డ్‌కాస్ట్ అనే వెబ్‌సైట్ వాతావరణ రాడార్‌తో ఏ రాత్రి ఎన్ని పక్షులు ఎగురుతాయో ముందే అంచనా వేస్తుంది. అదీ చూస్తాను.

భోజనాల బాధ్యత, కర్నూలు వాళ్లం:
అరవై మంది దాకా వస్తామంటున్నారు. ఉగ్గాని, బజ్జీలు నేను చూసుకుంటా. స్పీకరు కూడా తెచ్చి చెట్ల కింద అంత్యాక్షరి పెడితే పెద్దవాళ్లకు కాలక్షేపం అవుతుంది కదా అక్కా?

సమన్వయం:
నీ ఉగ్గాని లేకపోతే ఎవరూ కారెక్కరు, అది మాత్రం మానొద్దు. తోపులోకి పోకముందు కాదు, నడక అయ్యాక కార్ల దగ్గర తిందాం. లోపలికి నీళ్లు, మజ్జిగ, వేయించిన చెనిక్కాయలు చాలు. పొట్టు ఒక్కటి కూడా కింద పడకూడదు, సంచిలో వేసుకుని తెచ్చుకోవాలి. స్పీకరు వద్దమ్మా. ఆ తోపుల్లో మన ఒక్కరమే ఉండం, ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు చెవి ఒగ్గి నిలబడి ఉంటారు. పాటలు తిరుగు ప్రయాణంలో ఎవరి కారులో వాళ్లు పాడుకుందాం.

అరవై మంది ఒకేసారి సన్నటి బాటలో నడిస్తే ముందున్న పదిమందికే పిట్ట కనబడుతుంది. వెనకవాళ్లకు ముందువాళ్ల వీపులే. పన్నెండు మందికి ఒక జట్టు చేద్దాం. జట్టుకు ముందు ఒకరు, వెనక ఒకరు వాలంటీరు. రెండు జట్లు బాయ్ స్కౌట్ వుడ్స్‌లో మొదలుపెడితే మిగతావి స్మిత్ ఓక్స్‌లో మొదలుపెట్టి, గంటన్నర తర్వాత మారతాయి.

బాయ్ స్కౌట్ వుడ్స్‌లో పర్కీస్ పాండ్ అని చిన్న నీటిమడుగు ఉంది. దాని ఎదుట మెట్లు మెట్లుగా బల్లలు కట్టారు. నడవలేనివాళ్లు అక్కడే కూర్చోవచ్చు, పిట్టలే స్నానానికి వాళ్ల ముందుకు వస్తాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లను ఒక జట్టుగా అక్కడే ఉంచుదాం. వాళ్లకు తక్కువ కనబడుతుందని అనుకోకండి, నాకు ఎక్కువ పిట్టలు దొరికింది ఆ బల్ల మీద కూర్చున్నప్పుడే.

వాహనాల బాధ్యత, కడప:
ఏడు సీట్ల బండ్లు ఆరు దొరికాయి, మిగతావాళ్లు సొంత కార్లలో వస్తారు. ఐ-10 హైవే మీద విన్నీ అనే ఊరి దాకా పోయి అక్కడ 124 రోడ్డు పట్టుకుంటే నేరుగా హై ఐలాండే. గాల్వెస్టన్ నుంచి ఫెర్రీలో పోవచ్చు, డబ్బులు లేవు, కానీ శనివారాలు లైను ఎంత ఉంటుందో చెప్పలేం. పోయేటప్పుడు విన్నీ దారే ఖాయం చేస్తున్నాను. బాత్‌రూమ్ కోసం బేటౌన్‌లో ఒకసారి అందరం ఆగుదాం.

ఒక్కటే ఇబ్బంది. మా నాన్న రానంటున్నాడు. మాది సిద్ధవటం వైపు. "ఆ దేశం పిట్టల గురించి నాకేం తెలుసు, ఫోటోలు తీసేవాళ్ల మధ్య నేనెందుకు" అంటాడు.

సమన్వయం:
అన్నా, మీ నాన్నను కలివికోడి గురించి అడిగి చూడు. 1848లో టి.సి. జెర్డన్ అనే పక్షి శాస్త్రవేత్త వల్ల లోకానికి తెలిసిన పక్షి. 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు, అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో మీ లంకమల పక్కనే రెడ్డిపల్లె దగ్గర మళ్లీ దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ వెతికాడు. రాత్రిపూట టార్చి వెలుగులో పట్టుకొచ్చి చూపించింది మాత్రం ఐతన్న అనే ఆ ఊరి మనిషి, పిట్టలు పట్టడం తెలిసినవాడు. అది రాత్రి తిరిగే పక్షి, ముళ్ల పొదల మధ్య ఉంటుంది. శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది దానివల్లే. మీ నాన్నకు ఆ ముళ్ల పొదలు తెలుసు. మేం పుస్తకం తెరిచి పేరు వెతికేలోపు కొమ్మ ఎక్కడ కదిలిందో ఆయన చెబుతాడు. ఆయన్ను నా జట్టులో ముందు నిలబెట్టు, పేరు చెప్పే పని నాది.

మొన్న ఆదివారం ఇక్కడి నుంచి ఏప్రిల్‌లో విమానం ఎక్కబోయే పెద్దవాళ్లను కొందరిని శింగనమల చెరువు గట్టుకు తీసుకుపోయాను, బైనాక్యులర్ అలవాటు కావాలని. మీకు పనికొచ్చే సంగతి ఒకటి తేలింది. కళ్లద్దాలున్నవాళ్లు బైనాక్యులర్ పెట్టుకుంటే చుట్టూ నల్లగా, నడుమ చిన్న గుండ్రం మాత్రమే కనబడుతుంది. ఏమీ కనబడటం లేదంటే ఎవరేమనుకుంటారో అని "ఆఁ, బాగుంది" అని తిరిగి ఇచ్చేస్తారు. కంటి దగ్గర రబ్బరు కప్పులు ఉంటాయి, అద్దాలున్నవాళ్లకు వాటిని పూర్తిగా లోపలికి తిప్పేయాలి. అద్దాలు లేనివాళ్లకు బయటికి లాగాలి. తర్వాత ఎడమ కన్నుతో నడిమి చక్రం తిప్పి సరిచేసుకుని, కుడి కంటి దగ్గరుండే చిన్న రింగుతో కుడి కన్ను సరిచేసుకోవాలి. ఇంత చేసి ఇచ్చాక, మా పక్కింటి పెద్దమ్మ తుమ్మచెట్టు మీది గులాబీ గోరింకల గుంపును పట్టుకుని పదినిమిషాలు వదల్లేదు. "ఇవి మా జొన్న తిన్నవే" అంది. అవి కూడా ఏప్రిల్‌లో మధ్య ఆసియా వైపు తిరుగుముఖం పడతాయని చెబితే, అంత దూరం పోయేవా అని చాలాసేపు అడుగుతూనే ఉంది.

కాబట్టి ప్రతి జట్టు వాలంటీరు పార్కింగ్‌లోనే అందరి బైనాక్యులర్లూ సరిచేసి ఇవ్వాలి. కొనేవాళ్లు 8x42 కొనండి, అంటే ఎనిమిది రెట్లు పెద్దది చేసి చూపేది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లది. అంతకంటే ఎక్కువ పెద్దది చేసి చూపేవి చేతి వణుకును కూడా పెద్దది చేస్తాయి. చేతులు నిలవనివారి కోసం స్టాండు మీద స్పాటింగ్ స్కోపు, అంటే చిన్న టెలిస్కోపు, ఒకటి కావాలి, కూర్చుని చూసే ఎత్తులో పెట్టాలి. ఎవరి దగ్గరైనా ఉందా?

ఫోటోల బాధ్యత:
నా దగ్గర ఉంది అక్కా, తెస్తాను. స్మిత్ ఓక్స్ చెరువు దగ్గర పెడితే గూళ్లు బాగా కనబడతాయి.

సమన్వయం:
అదే చోటు అనుకున్నాను. ఆ చెరువు నడుమ దీవిలో రోజియేట్ స్పూన్‌బిల్లులు, తెల్ల కొంగలు, నీటికాకులు గూళ్లు కట్టుకుంటాయి. స్పూన్‌బిల్లు అంటే మన తెడ్డుమూతి కొంగే, అక్కడిది గులాబీ రంగు. నీళ్లలో మొసళ్లుంటాయి. గుడ్లు తినే రకూన్‌లు ఆ మొసళ్లకు భయపడి ఈదుకుంటూ దీవిలోకి రావు. మన వీరాపురం చూసినవాళ్లకు ఇది వెంటనే పట్టుబడుతుంది. చిలమత్తూరు మండలంలోని ఆ ఊళ్లో చింతచెట్ల మీద ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కడతాయి, వాటికి కాపలా ఊరి మనుషులే. పేపర్లు వాటిని సైబీరియా కొంగలని రాస్తుంటాయి గానీ అవి మన దేశంవే. వచ్చే వారం నేను అక్కడికి పోయి ఫోటోలు తీసుకొస్తాను. ఒకటి రెండు ప్రింట్లు చెరువు దగ్గర చూపిస్తే పెద్దవాళ్లే పిల్లలకు కథ చెబుతారు. చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లను స్మిత్ ఓక్స్‌లో చెట్ల ఎత్తున కట్టిన చెక్క వంతెన మీదకు తీసుకుపోవాలని ఉంది, పొడవు 700 అడుగుల పైనే. మన తమ్ముళ్లు ఎవరైనా ముందు వారం ఒకసారి పోయి వాలు ఎలా ఉందో చూసి రండి.

పిల్లల బాధ్యత:
చీరల్లో వచ్చే అమ్మలకు ఏం చెప్పాలి? చెప్పులు సరిపోతాయా?

సమన్వయం:
చీర పర్వాలేదు, మెరిసే జరీ, తెలుపు కాకుండా ముదురు రంగుదైతే చాలు. చెప్పులు మాత్రం వద్దు. ఎర్ర చీమలు ఉంటాయి, కుడితే బొబ్బలెక్కుతుంది. బాట పక్కన మూడేసి ఆకులతో పాకే పాయిజన్ ఐవీ ఉంటుంది, తగిలితే వారాల తరబడి దురద. సాక్సు, బూట్లు తప్పనిసరి. దోమల మందు కూడా. పిల్లలకు ఎన్ని పిట్టలు చూశారో లెక్క పెట్టే పోటీ పెట్టొద్దు, పరిగెత్తుతారు. ఒక్కో పిల్లకు ఒక్కో పిట్ట ఇవ్వండి. మగ పెయింటెడ్ బంటింగ్ నీలం తల, ఎర్ర పొట్ట, ఆకుపచ్చ వీపు. దాన్ని వెతికే పిల్ల దానికోసం ఊపిరి బిగబట్టి నిలబడుతుంది.

సాంస్కృతిక విభాగానికి ఒక మాట. మే మొదటి వారంలో మన కార్యక్రమం రాత్రి పొద్దుపోయేదాకా ఉంటుంది కదా. చిన్న పిట్టలు ఎక్కువగా రాత్రే ప్రయాణిస్తాయి, వెలుగుకు దారి తప్పి అద్దాలకు కొట్టుకుంటాయి. 2017 మేలో గాల్వెస్టన్‌లో ఒక్క ఎత్తయిన భవనానికి ఒకే రాత్రి దాదాపు 400 పక్షులు తగిలి పడిపోయాయి. టెక్సాస్‌లో ఏప్రిల్ 22 నుంచి మే 12 దాకా రాత్రి పదకొండు నుంచి పొద్దున ఆరు వరకు అనవసరపు దీపాలు ఆర్పమని అడుగుతున్నారు. హాలు వాళ్లతో మాట్లాడి బయటి ఫ్లడ్‌లైట్లు పదకొండుకే ఆర్పేలా ఇప్పుడే రాయించుకోండి. మన ఇళ్ల పెరటి దీపాలు కూడా.

వాహనాల బాధ్యత, కడప:
నాన్నతో మాట్లాడాను. కలివికోడి కూత ఎలా ఉంటుందో ఫోన్‌లోనే కూసి చూపించాడు. వస్తాడట. ముందు సీటు కావాలన్నాడు.

సమన్వయం:
ముందు సీటు ఆయనదే. ఇక మిగిలినవి: జట్టు వాలంటీర్లు ఇంకా ముగ్గురు కావాలి, పేర్లు ఈ వారాంతంలోగా ఇవ్వండి. ప్రవేశ రుసుము ఇప్పుడెంతో ఫోటోల తమ్ముడు కనుక్కుని రాయాలి. పెద్దవాళ్ల మందులు, అలర్జీలు, అత్యవసర ఫోన్ నంబరు రాసిన చీటీ ఒక్కొక్కరి జేబులో ఉండాలి, అది ఇంటివాళ్ల బాధ్యత. గురువారం రాత్రి తొమ్మిదికి అందరూ లైన్లో ఉండండి, గాలి ఏ దిక్కు నుంచి వస్తుందో చూసి శనివారమా ఆదివారమా అప్పుడే తేల్చేద్దాం.